డీఎస్సీ, బ్యాంకు, గ్రూప్స్, సాఫ్ట్‌వేర్: జీతం ఒక్కటే చూసి ఎంచుకోకండి

డిగ్రీయో బీటెక్కో చేతికొచ్చింది, ఎటు వెళ్లాలో తేలడం లేదు, ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తున్నారు. అలాంటి వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మన మధ్యతరగతి ఇళ్లలో చర్చ ఎక్కడ మొదలైనా చివరికి ఈ నాలుగింటి దగ్గరికే వస్తుంది: టీచర్ ఉద్యోగం, బ్యాంకు, గ్రూప్స్, సాఫ్ట్‌వేర్. నేను ప్రభుత్వ బ్యాంకులో ఆఫీసర్‌ని, మా ఆవిడ జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్, మా తమ్ముడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్, నాతో కలిసి చదివినవాళ్లలో కొందరు గ్రూప్-2 కొట్టి రెవెన్యూలో ఉన్నారు, ఇంకొందరు ఇప్పటికీ చదువుతూనే ఉన్నారు. నాలుగు వైపుల సంగతులూ భోజనాల దగ్గరో ఫోన్‌లోనో వింటూ ఉండేవే.

చాలామంది పోల్చి చూసేది రెండే విషయాలు. చేరగానే ఎంతిస్తారు, పోయే ఉద్యోగమా ఉండే ఉద్యోగమా. అవి ముఖ్యం కాదని ఎవరూ అనరు. అయితే ఐదారేళ్లు పనిచేశాక కొందరు హాయిగా ఉంటారు, కొందరు "ఎందుకొచ్చానురా బాబూ" అంటుంటారు. ఈ ఇద్దరి జీతాలూ చాలాసార్లు ఒకటే. తేడా ఎక్కడొస్తుందో నేను గమనించినంతలో చెప్తాను: ఉద్యోగం వచ్చేలోపు ఎన్నేళ్లు పోయాయి, వచ్చాక మామూలు రోజున పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేతిలో ఏ పని ఉంటుంది, పదేళ్ల తర్వాత అది మిమ్మల్ని ఏ ఊళ్లో ఉంచుతుంది. వీటిలో రెండోదాన్ని దాదాపు ఎవరూ అడగరు. నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది అదే.

ఎన్నేళ్లు ఆగాలి?

గ్రూప్స్ అనుకుంటున్నవాళ్లు తెలంగాణ గ్రూప్-1 నడిచిన తీరును ఒకసారి వరసగా చదువుకోవాలి. రాష్ట్రం వచ్చాక మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో పడింది, 503 పోస్టులు. అక్టోబర్ 16న ప్రిలిమ్స్ పెట్టారు, పేపర్ లీకైందని 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్ 11న మళ్లీ పెట్టారు, సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, జూన్ 9న మూడోసారి ప్రిలిమ్స్, అక్టోబర్‌లో మెయిన్స్, నియామక పత్రాలు చేతికందేసరికి 2025 సెప్టెంబర్. అప్పటికీ కోర్టులో కేసు నడుస్తూనే ఉంది. గ్రూప్-2 సంగతీ అంతే. 2022 డిసెంబర్‌లో 783 పోస్టులకు నోటిఫికేషన్ వస్తే, వాయిదాల మీద వాయిదాలు పడి, 2024 డిసెంబర్ 15, 16 తేదీల్లో పరీక్ష జరిగింది. ఆంధ్రలో 2023 డిసెంబర్‌లో వచ్చిన గ్రూప్-2కి ప్రిలిమ్స్ తొందరగానే పెట్టారు కానీ మెయిన్స్ జరిగేసరికి 2025 ఫిబ్రవరి 23 అయింది.

ఇవి చదివి భయపడి మానేయమని నా ఉద్దేశం కాదు. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ముగ్గురు కలిసి ఒక గది తీసుకుని, చిక్కడపల్లి లైబ్రరీలో సీటు కోసం పొద్దున్నే వెళ్లి లైన్లో నిలబడి, ఐదు రూపాయల భోజనంతో మధ్యాహ్నం గడిపి, అలా చదివి సాధించినవాళ్లు నాకు తెలుసు, వాళ్ల మీద నాకు చాలా గౌరవం. కానీ ఆ గదిలో ఉన్న ముగ్గురిలో మిగతా ఇద్దరి సంగతి కూడా ముందే ఆలోచించుకోవాలి. వాళ్లూ అంతే కష్టపడ్డారు. ఒకటి రెండు మార్కుల దగ్గర, లేదా రోస్టర్ పాయింట్ (రిజర్వేషన్ వరస) దగ్గర ఆగిపోయారు. పరీక్ష వాయిదా పడిన ప్రతిసారీ ఊరికి వెళ్లలేక, పెళ్లిళ్లకు పోలేక, "ఇంకా ఏం చేస్తున్నావురా" అని అడిగే వాళ్లకు ఎదురుపడలేక ఉండే ఆ టెన్షన్ అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

డీఎస్సీది ఇంకో రకం. అది వచ్చినప్పుడు పెద్ద సంఖ్యలో వస్తుంది, రానప్పుడు ఏళ్ల తరబడి రాదు. ఆంధ్రలో 2018 తర్వాత పెద్ద డీఎస్సీ 2025లోనే, 16,347 పోస్టులకు. తెలంగాణలో 2017 తర్వాత 2024లో, 11,062 పోస్టులకు. 2018లో పాతికేళ్లున్నవాళ్లు మళ్లీ పరీక్ష రాసేసరికి 32కి వచ్చారు. అవనిగడ్డలో కోచింగ్ తీసుకుని ఊరికి తిరిగొచ్చి, ప్రైవేటు స్కూల్లో చెప్పుకుంటూ నోటిఫికేషన్ కోసం చూసినవాళ్లు ఊరికి ఇద్దరు ముగ్గురైనా ఉంటారు.

బ్యాంకుల విషయంలో మాత్రం ఈ బాధ లేదు. బ్యాంకు పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ జనవరిలోనే ఆ ఏడాది క్యాలెండర్ ఇచ్చేస్తుంది, పీఓ (ఆఫీసర్), క్లర్క్, గ్రామీణ బ్యాంకుల పరీక్షలు దాదాపు ఏటా జరుగుతాయి, చాలావరకు ఏడాది తిరిగేలోపు ఫలితం తేలిపోతుంది. వస్తే వచ్చింది, రాకపోతే ఎక్కడ తగ్గిందో మార్కుల్లో కనిపిస్తుంది, వచ్చే ఏడాది మళ్లీ ఉంటుంది. నంద్యాలలో అంతమంది కుర్రాళ్లు బ్యాంకు కోచింగ్‌కి చేరేది ఈ భరోసా మీదే. కాకపోతే వయసు ఆగదు: జనరల్ కేటగిరీలో క్లర్క్‌కి 28, పీఓకి 30 దాటితే తలుపు మూసినట్టే (బీసీలకు మూడేళ్లు, ఎస్సీ ఎస్టీలకు ఐదేళ్లు సడలింపు ఉంటుంది). గ్రూప్స్‌కి నలభై దాటాక కూడా అవకాశం ఉంటుంది కదా అని బ్యాంకును తర్వాత చూసుకుందామనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. వరస తిప్పుకోవాలి. వయసు తొందరగా అయిపోయే పరీక్ష ముందు రాయాలి.

ఒక లెక్క వేసుకోండి. నెలకు పాతిక వేలొచ్చే చిన్న ఉద్యోగం వదులుకుని ఐదేళ్లు చదివితే, వదులుకున్నది 15 లక్షలు. హాస్టల్, కోచింగ్, పుస్తకాలు దానికి అదనం. ఉద్యోగం వస్తే ఆ డబ్బు తిరిగొస్తుంది, సందేహం లేదు. రాకపోతే 28 ఏళ్లకు అనుభవం లేని రెజ్యూమె పట్టుకుని ప్రైవేటు కంపెనీ మెట్లెక్కాలి. అందుకే మొదలుపెట్టే రోజునే ఒక తేదీ అనుకోవాలి, అది ఇంట్లోవాళ్లకీ చెప్పాలి. మనసులోనే పెట్టుకున్న గడువు కటాఫ్ దగ్గరికి వచ్చి తప్పిపోయిన రోజున ఇంకో ఏడాది జరిగిపోతుంది.

మామూలు రోజు ఎలా ఉంటుంది?

బ్యాంకు సంగతి ముందు చెప్తాను, అది నాది కాబట్టి.

బ్యాంకులో చేరబోయేవాళ్లు వడ్డీ రేట్లు, లోన్లు, ఫైనాన్స్ అని ఊహించుకుంటారు. గ్రామీణ బ్రాంచిలో మొదటి రెండేళ్లు చేసేది ముప్పాతిక వంతు మనుషులతో మాట్లాడే పని. పెన్షన్ పడే రోజుల్లో తలుపు తీయకముందే మెట్ల మీద ముసలివాళ్లు కూర్చుని ఉంటారు. వేలిముద్ర పడదు. రెండో వేలు పెట్టమంటే పడదు, తడి తుడిచి పెట్టమంటే పడదు, వెనక లైన్లో వాళ్లు గొడవ చేస్తుంటారు. ఇంకోపక్క ఆధార్ లింకు, పంట రుణం రెన్యువల్, డ్వాక్రా గ్రూపు తీర్మానం పుస్తకంలో ఒక సంతకం తక్కువ, గోల్డ్ లోన్ దగ్గర అప్రైజర్ ఇంకా రాలేదు. మధ్యలో రీజినల్ ఆఫీస్ నుంచి ఫోన్: ఇవాళ ఇన్సూరెన్స్ పాలసీలు ఎన్ని చేశారు అని. ఇదే చాలామందిని లోపల్లోపల తినేసే విషయం. డబ్బు దాచుకోవడానికి వచ్చిన మనిషికి అవసరంలేని పాలసీ అంటగట్టమంటే మనసు ఒప్పుకోని వాళ్లకు బ్యాంకు కష్టంగానే ఉంటుంది, ఈ మాట కోచింగ్ సెంటర్లో ఎవరూ చెప్పరు.

సాయంత్రం క్యాష్ క్లోజింగ్. ఒక్క ఐదొందల నోటు తేడా వచ్చినా వోచర్లన్నీ మొదటి నుంచి టిక్కు పెట్టుకుంటూ చూడాల్సిందే. అప్పుడప్పుడు తేడా దొరకదు, క్యాష్ చూసినవాళ్ల జేబులోంచే పోతుంది. క్లర్క్‌గా చేరబోయేవాళ్లు ఇది తెలుసుకునే చేరాలి.

మరి ఇందులో తృప్తి లేదా అంటే ఉంది, చాలా ఉంది. ఊళ్లో నూటికి నెలకు ఐదు రూపాయల వడ్డీ కడుతున్న మనిషి చేత లోను పెట్టించి ఆ అప్పు తీర్పిస్తే, కిరాణా కొట్టుకి ముద్ర లోను ఇచ్చి రెండేళ్ల తర్వాత ఆ కొట్టు ముందు నుంచి వెళ్తుంటే లోపల ఫ్రిజ్, పక్కన ఇంకో గది కనిపిస్తే, అది మీ సంతకం వల్ల జరిగిందని మీకు తెలుస్తుంది. లెక్క కచ్చితంగా ఉండాలనే పట్టుదల, ముక్కూ మొహం తెలియని మనిషితో కూడా ఓపికగా మాట్లాడే గుణం, ఈ రెండూ ఉన్నవాళ్లకు బ్యాంకు బాగా కుదురుతుంది. ఒక్కటే ఉంటే సగం రోజు బాగుంటుంది, సగం రోజు నరకం.

టీచర్ ఉద్యోగం అంటే "సెలవులెక్కువ, హాయి" అని ఊళ్లో అందరూ అనేస్తారు. ఆ మాట విని చేరినవాళ్లు నాలుగేళ్లలో విసిగిపోవడం మా ఆవిడ స్టాఫ్ రూమ్‌లోనే చూసింది. తరగతి గది బయటి పని చాలా ఉంటుంది. ఫోన్లో ముఖం చూపించి హాజరు, మధ్యాహ్న భోజనం లెక్కలు, యాప్‌లో ఫొటోలు, కాంప్లెక్స్ మీటింగులు, ఎన్నికల డ్యూటీ, సర్వేలు. 2024 నవంబర్‌లో తెలంగాణలో ఇంటింటి కులగణన చేసినవాళ్లలో ప్రైమరీ టీచర్లే ఎక్కువ. పొద్దున బడి, మధ్యాహ్నం నుంచి సర్వే. ప్రైమరీ స్కూళ్లలో ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు చెప్పాల్సిన చోట్లు చాలా ఉన్నాయి. ఒకరు ట్రైనింగ్‌కి వెళ్తే ఐదు తరగతులూ ఒక్కరి నెత్తినే.

ఇన్ని ఉన్నా ఆ ఉద్యోగంలో ఒకటుంది, అది మిగతా మూడింటిలో లేదు. మా ఆవిడ ఏడో తరగతిలో ఒక అమ్మాయి 432ని 4తో భాగించమంటే ప్రతిసారీ 18 అని రాసేదట. నాలుగులో నాలుగు ఒకసారి, తర్వాత మూడు చాలదు కదా అని రెండు దించుకుని 32 చేసి ఎనిమిది వేసేది, మధ్యలో సున్నా పెట్టాలని తెలియదు. పద్ధతి మళ్లీ మళ్లీ చెప్తే రాలేదు. చివరికి 432 చింతగింజలు నలుగురికి పంచితే తలా 18 సరిపోతాయా అని అడిగి, నాలుగు పద్దెనిమిదులు వేయించింది. 72 వచ్చింది. ఆ అమ్మాయి కాసేపు పుస్తకం వైపే చూసి, మిగతావి ఎక్కడికి పోయాయి టీచర్ అంది. ఆ తర్వాత సున్నా మర్చిపోలేదు, పక్క బెంచీ వాళ్లకు కూడా తనే చెప్పడం మొదలుపెట్టింది. ఆ రోజు ఇంటికొచ్చి మా ఆవిడ ఈ సంగతి చెప్పిన ఉత్సాహం నా బ్యాంకులో ఏ ప్రమోషన్‌కీ నేను చూడలేదు. ఇలాంటి దానికి మీకు సంతోషం కలిగితే, ఆ యాప్‌లూ సర్వేలూ భరించవచ్చు. దీన్ని చదివి "సరే, అయితే ఏంటి" అనిపిస్తే డీఎస్సీ వద్దు, ఎన్ని సెలవులున్నా వద్దు. పిల్లల జీవితంతో ముడిపడిన పని అది.

డిప్యూటీ తహసీల్దార్, సబ్ రిజిస్ట్రార్, ఎక్సైజ్ ఎస్ఐ, మున్సిపల్ కమిషనర్ గ్రేడ్-3, సచివాలయంలో అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్, ఇవన్నీ గ్రూప్-2లో వచ్చేవే, పరీక్ష ఒకటే, రోజులు మాత్రం పూర్తిగా వేరు. పోస్టుల ప్రిఫరెన్స్ పెట్టేటప్పుడు చాలామంది పేరు చూసి పెట్టేస్తారు. సచివాలయంలో ఫైలు రాసే పని ప్రశాంతంగా ఉంటుంది, హైదరాబాద్‌లోనో అమరావతిలోనో కుటుంబంతో ఉండొచ్చు, కానీ జనం మొహం కనిపించదు. రెవెన్యూలో జనమే జనం. సోమవారం అర్జీలు, కుల ఆదాయ ధ్రువపత్రాలు, అన్నదమ్ముల గట్టు తగాదా, వరి కొనుగోలు కేంద్రంలో గోనె సంచులు అయిపోయాయని ధర్నా, మంత్రి వస్తే ప్రోటోకాల్. నా స్నేహితుడు ఒకడు చెప్పేది ఏంటంటే, రికార్డులో పేరు తప్పుపడి ఏళ్ల తరబడి తిరుగుతున్న రైతు పని ఒక్క మధ్యాహ్నం కూర్చుని చేసిపెట్టగలిగే చోటు ఇంకెక్కడా దొరకదు. అదే చోట రాత్రి పదింటికి లోకల్ నాయకుడు ఫోన్ చేసి ఇంకోటి చేయమంటాడు. కాదని చెప్పగలగాలి, చెప్పాక బదిలీ వస్తే తట్టుకోగలగాలి. ఈ రెండింటికీ సిద్ధపడి వచ్చినవాళ్లు అందులో బాగా రాణిస్తారు. "హోదా" కోసం వచ్చినవాళ్లకు హోదా మొదటి ఆరు నెలలే.

సాఫ్ట్‌వేర్ గురించి అందరికీ ఎంతో కొంత తెలుసు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. పెద్ద సర్వీస్ కంపెనీల్లో మామూలు ఫ్రెషర్ ప్యాకేజీ చాలా ఏళ్లుగా ఏడాదికి మూడు, మూడున్నర లక్షల దగ్గరే తిరుగుతోంది, చేతికొచ్చేది నెలకు పాతిక వేల చుట్టూ. మాదాపూర్‌లో హాస్టల్, తిండి, ఆటో పోను మిగిలేది కొంచెమే. అసలు పెరుగుదల రెండు మూడేళ్ల తర్వాత, పని వచ్చినవాళ్లకు, కంపెనీ మారినప్పుడు. మా తమ్ముడి రోజు పొద్దున స్టాండప్ కాల్‌తో మొదలవుతుంది, టికెట్లు చూసుకోవడం, అర్థరాత్రి ప్రొడక్షన్ ఇష్యూ వస్తే లేవడం. వాడికి అది ఇష్టం. ఏదైనా పనిచేయకపోతే ఎందుకు పనిచేయట్లేదో తేలేదాకా వదలని స్వభావం వాడిది, చిన్నప్పుడు రేడియో విప్పి పారేసేవాడు. ఆ స్వభావం లేకుండా, అమీర్‌పేటలో నాలుగు నెలలు కోర్సు చేసి, పక్కింటి వాళ్ల అబ్బాయి అమెరికాలో ఉన్నాడని వచ్చినవాళ్లు ప్రాజెక్టు లేక బెంచ్ మీద కూర్చున్న ప్రతి రోజూ భయపడుతూనే ఉంటారు. అమెరికా దారి కూడా మునుపటిలా లేదు, 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్‌-1బీ (అక్కడ పనిచేసే వీసా) దరఖాస్తుల మీద, మనిషి అమెరికా బయట ఉంటే, లక్ష డాలర్ల ఫీజు పెట్టారు. ఎంఎస్‌కి అప్పు చేసే ముందు ఇలాంటి నిబంధనలు ఎవరికి వర్తిస్తాయో చూసుకోవాలి. పైగా మొదటి రెండేళ్లలో ఫ్రెషర్లు చేసే చిన్న చిన్న పనులు చాలావరకు ఏఐ చేసేస్తోంది. అందువల్ల సాఫ్ట్‌వేర్ అయిపోయిందని నేను అనను. ఏదో ఒకటి నేర్చుకుని నెట్టుకొచ్చేయొచ్చు అనే రోజులు మాత్రం పోయాయి.

జీతం, పెన్షన్

త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇవన్నీ జీవోల్లో రాసి ఉన్నవే. ఎస్జీటీ (ఒకటి నుంచి ఐదు తరగతులకు చెప్పే టీచర్) మూల వేతనం తెలంగాణ 2020 పీఆర్సీ (వేతన సవరణ)లో 31,040, ఆంధ్ర 2022 పీఆర్సీలో 32,670. హైస్కూల్లో సబ్జెక్టు చెప్పే స్కూల్ అసిస్టెంట్‌కి వరసగా 42,300, 44,570. బ్యాంకు క్లర్క్ మూల వేతనం 24,050, పీఓది 48,480, ఇవి 2024 మార్చిలో కుదిరిన ఒప్పందం ప్రకారం. వీటన్నిటి మీదా డీఏ, హెచ్ఆర్ఏ లాంటివి వేరే ఉంటాయి. అంటే చేరేటప్పుడు పీఓ, స్కూల్ అసిస్టెంట్ ఇంచుమించు దగ్గరదగ్గరే. పదేళ్లలో పీఓ ముందుకెళ్తాడు, ఎందుకంటే బ్యాంకులో ప్రమోషన్లు వేగంగా వస్తాయి. టీచర్‌కి ప్రమోషన్ నెమ్మది.

పెన్షన్ గురించి ఒక అపోహ పోవాలి. "గవర్నమెంట్ ఉద్యోగం, రిటైరయ్యాక సగం జీతం వస్తుంది" అని ఇప్పటికీ పెళ్లి సంబంధాల దగ్గర చెప్తుంటారు. రెండు రాష్ట్రాల్లోనూ 2004 సెప్టెంబర్ 1 తర్వాత చేరినవాళ్లకు పాత పెన్షన్ లేదు, సీపీఎస్ కింద మన వాటా పది శాతం కోసి ప్రభుత్వం పది శాతం కలిపి మార్కెట్లో పెడుతుంది. బ్యాంకుల్లో 2010 ఏప్రిల్ 1 తర్వాత చేరినవాళ్లకూ ఇలాంటి ఎన్‌పీఎస్సే. కాబట్టి పెన్షన్ కోసమే ఐదేళ్లు చదువుతున్నాను అనుకుంటే ఆ ఆలోచన మార్చుకోండి. ఉద్యోగ భద్రత మాత్రం నిజంగానే ఉంది. ప్రైవేటులో మెయిల్ వచ్చి మధ్యాహ్నానికల్లా లాప్‌టాప్ ఇచ్చేయమనే భయం ఇక్కడ లేదు, దాని విలువ తక్కువ కాదు.

పదేళ్ల తర్వాత ఏ ఊళ్లో?

బ్యాంకు ఆఫీసర్ అంటే దేశంలో ఎక్కడికైనా వెళ్లాలి. ప్రమోషన్ వచ్చిన ప్రతిసారీ బదిలీ ఉంటుందనే అనుకోండి. పిల్లల స్కూలు, అమ్మానాన్నల ఆరోగ్యం అన్నీ దాని చుట్టూ సర్దుకోవాలి. ప్రమోషన్ వద్దని రాసిచ్చి సొంత రాష్ట్రంలో ఉండిపోయినవాళ్లు ప్రతి రీజియన్‌లోనూ ఉన్నారు. ఇది ఇష్టం లేనివాళ్లకు ఒక మంచి దారి ఉంది, ఎందుకో మనవాళ్లు దాన్ని రెండో తరగతిగా చూస్తారు: గ్రామీణ బ్యాంకు. 2025లో రాష్ట్రానికి ఒకే గ్రామీణ బ్యాంకు అయ్యాక ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు, తెలంగాణ గ్రామీణ బ్యాంకు రెండూ పెద్దవయ్యాయి. పోస్టింగ్ రాష్ట్రం దాటదు, జీతం స్కేళ్లు ప్రభుత్వ బ్యాంకులతో సమానం, జనం మన భాషే మాట్లాడతారు. అమ్మానాన్నల్ని చూసుకోవాల్సిన బాధ్యత ఉన్నవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే.

టీచర్లది జిల్లా పోస్టు కాబట్టి దూరం పోయే పని లేదనుకుంటారు. చాలావరకు నిజమే. అయితే తెలంగాణలో 2021 డిసెంబర్‌లో ఉద్యోగుల్ని కొత్త జిల్లాలకు కేటాయించే 317 జీవో వచ్చినప్పుడు భార్య ఒక జిల్లాకు, భర్త ఒక జిల్లాకు అలాట్ అయి ఏళ్ల తరబడి తిరిగినవాళ్లు ఉన్నారు. మొదటి పోస్టింగ్ కూడా బస్సు లేని ఊరికే పడే అవకాశం ఎక్కువ. ఆడపిల్లల్ని టీచర్ ఉద్యోగమే సేఫ్ అని బలవంతంగా బీఈడీలో చేర్పించే తల్లిదండ్రులు ఈ రెండూ కూడా తెలుసుకోవాలి. ఇష్టం ఉందో లేదో ముందు ఆ పిల్లనే అడగాలి.

జంటగా ఏవి చదవొచ్చు?

అన్నిటికీ ఒకేసారి చదువుతానంటే ఏదీ రాదు. బ్యాంకు, ఎస్ఎస్‌సీ, రైల్వే పరీక్షలకు రీజనింగ్, అర్థమెటిక్ ఉమ్మడి కాబట్టి ఆ మూడూ కలిసొస్తాయి. గ్రూప్-1, 2, 3 ఒక కుటుంబం. డీఎస్సీలో సబ్జెక్టు కంటెంట్, మెథడాలజీ ఎక్కువ, టెట్ (టీచర్ అర్హత పరీక్ష) మార్కులకు 20 శాతం వెయిటేజీ, దానికి విడిగా కూర్చోవాల్సిందే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ బ్యాంకుకి చదవొచ్చు, చేసినవాళ్లు ఉన్నారు. ఉద్యోగం చేస్తూ గ్రూప్-1 మెయిన్స్ రాయడం మాత్రం చాలా కష్టం, దానికి కనీసం ఏడాది పూర్తిగా ఇవ్వగలిగే పరిస్థితి ఇంట్లో ఉందో లేదో చూసుకోండి.

టీచర్ వైపు వెళ్లేవాళ్లకు ఇంకో ముఖ్యమైన మాట. ఒకటి నుంచి ఐదు తరగతులకు చెప్పే ఎస్జీటీ పోస్టుకు బీఈడీ చెల్లదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది, డీఎల్ఈడీ ఉండాలి. స్కూల్ అసిస్టెంట్‌కే బీఈడీ. తెలంగాణ 2024 డీఎస్సీలో ఎస్జీటీ పోస్టులే ఎక్కువ పడ్డాయి, స్కూల్ అసిస్టెంట్‌లో ఒక్కో సబ్జెక్టుకి ఒక్కో జిల్లాలో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉండొచ్చు. ఇది తెలియకుండా ఇప్పటికీ బీఈడీలో చేరుతున్నవాళ్లు కనిపిస్తుంటే బాధేస్తుంది.

నన్ను సూటిగా అడిగితే ఇలా చెప్తాను. ఇంట్లో ఆదాయం అవసరం తక్షణం ఉంటే బ్యాంకు, గ్రామీణ బ్యాంకు మొదట, చేరాక గ్రూప్స్ ఆలోచించండి. పిల్లలకు చెప్పడం నిజంగా ఇష్టమైతే డీఎస్సీ, నోటిఫికేషన్ వచ్చేదాకా ఏదో ఒక స్కూల్లో చెప్తూనే ఉండండి, జీతం తక్కువైనా సరే. ఆ రెండేళ్లలోనే మీకు ఇది కుదురుతుందో లేదో తేలిపోతుంది. గ్రూప్స్ అయితే రెండు నోటిఫికేషన్లు లేదా మూడేళ్లు, ఏది ముందైతే అది. సాఫ్ట్‌వేర్ అయితే కోర్సు ఫీజు కట్టే ముందు ఇంట్లో కూర్చుని ఏదైనా చిన్న ప్రోగ్రామ్ సొంతంగా పూర్తి చేసి చూడండి, మధ్యలో ఎర్రర్ వచ్చిన రాత్రి నిద్రపోవాలనిపించిందా, ఇంకో అరగంట చూద్దామనిపించిందా గమనించండి.

ఏది ఎంచుకున్నా ఫీజు కట్టేలోపు ఆ ఉద్యోగంలో మూడు నాలుగేళ్లుగా ఉన్న ఒక్క మనిషిని పట్టుకోండి. మొన్న సోమవారం పొద్దున్నుంచి ఏం చేశారో గంట గంటకీ చెప్పమనండి. కొత్తగా చేరినవాళ్లు సంతోషంలో అన్నీ బాగున్నాయంటారు, రిటైర్మెంట్‌కి దగ్గరైనవాళ్లు పాత రోజుల మాటలు చెప్తారు. మూడు నాలుగేళ్లవాళ్లు మాత్రం ఉన్నదున్నట్టు చెప్తారు. మీ ఊరి బ్రాంచిలో మధ్యాహ్నం భోజనం టైమ్‌లో వెళ్తే ఆ ఆఫీసర్ తప్పకుండా మాట్లాడతాడు, మేం అందరం ఒకప్పుడు అలా ఎవరో ఒకరిని అడిగినవాళ్లమే.